పరుపుల దుకాణంలో అవ్వకు కళ్లు తిరిగిన రోజు

నా చిన్నప్పుడు, చెట్టు పాలతో పరుపు చేస్తారన్న సంగతి మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పక్కింటి అక్క. వాళ్లు కోస్తా వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి మేడ్చల్‌లో మా గోడ పక్కనే అద్దెకు దిగారు. ఏ కొత్త సంగతి విన్నా అక్క కడుపులో దాచుకోలేకపోయేది. ముందు అది మా అమ్మకు చెప్పాలి, ఆ తర్వాతే పొయ్యి మీద కూర మాడిందో లేదో చూసుకోవాలి. ఆ రోజు కూడా గోడ మీదుగా తల పెట్టి, "పిన్నిగారూ, లేటెక్స్ పరుపని వచ్చిందండీ. రబ్బరు చెట్టు పాలతో చేస్తారంట. మా తోటికోడలి నడుం నొప్పి దాని మీద పడుకున్నాకే తగ్గింది" అంది.

మా అవ్వ, అంటే నాయిన తల్లి, అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి తల ఎత్తింది.

"చెట్టు పాలా? జిల్లేడు పాల లెక్కనా? కండ్లల్ల పడితె ఎట్ల?"

"పడుకున్నాక కళ్లు మూసుకునే ఉంటాం కదా మామ్మగారూ" అని అక్క నవ్వింది. అవ్వ నవ్వలేదు. ఆ మాట నిజమేనా కాదా అని చాలాసేపు ఆలోచించింది. నేనూ ఆలోచించాను. పాలు గడ్డకడితే పెరుగు కావాలి గాని పరుపెలా అవుతుందో నాకు అంతుపట్టలేదు.

మాకు పిండి గిర్ని ఉండేది. ముందు గదిలో గిర్ని, వెనక ఇల్లు. నాయిన మిషన్ దగ్గర నిలబడితే, జొన్నల డబ్బాలూ గోధుమ సంచులూ ఎత్తి అందించేది అమ్మ. ఒకనాడు సంచి ఎత్తబోయి, సగం లేచినదల్లా అక్కడే ఆగిపోయింది. నడుం పట్టేసింది. అప్పటినుంచి పడుకుంటే గోడ పట్టుకోకుండా లేవలేకపోయేది. పక్కకు తిరిగినప్పుడల్లా పళ్ల సందున "స్స్" అని ఒక శబ్దం వచ్చేది. కొన్నాళ్లకు ఎడమ కాలు తిమ్మిరెక్కడం మొదలైంది.

నాకు చిన్నతనంలో మాటిమాటికీ జ్వరాలు వచ్చేవి. అందుకని బడికి పంపలేదు. నా చదువంతా అమ్మ దగ్గరే. డబ్బా మూతలో పిండి పల్చగా పరిచి, వేలితో అక్షరాలు దిద్దించేది. తప్పు రాస్తే మూత ఒక్కసారి కదిపేది, అంతా చెరిగిపోయి మళ్లీ తెల్లగా అయ్యేది. నడుం పట్టేశాక చాప మీద వెల్లకిలా పడుకునే పాఠం చెప్పేది. నేను చదువుతుంటే ఆమె పైకప్పు వైపు చూస్తూ వినేది. మధ్యలో పెదవులు బిగించి ఆగిపోయేది. రానురాను ఆ ఆగడమే ఎక్కువై, పాఠం తక్కువైంది. శామీర్‌పేటలో ఎముకల డాక్టరు, "నిద్ర సరిగ్గా లేకపోతే ఈమె కోలుకోదు. ఇట్లనే సాగితే మంచం పట్టే ప్రమాదం ఉంది" అన్నాడు. ఆ మాట నాకు బాగా అర్థమైంది. మిగతాదే ఏమీ అర్థం కాలేదు.

ఎందుకంటే ఆ డాక్టరే మెత్తటిదేదీ వద్దు, చెక్క మీద పడుకోవాలన్నాడు. నాయిన వడ్రంగితో చెక్క బల్ల చేయించాడు. దాని మీద పడుకుని అమ్మ భుజమూ తుంటీ కమిలిపోయాయి. అవ్వ రెండు బొంతలు మడిచి వేసింది, అవి నడుమ గుంట పడ్డాయి. గిర్నికి వచ్చినవాళ్లు, పిండి పట్టేదాకా ఊరికే నిలబడలేక, తలా ఒక మందు చెప్పిపోయేవారు. కొబ్బరి పీచు పరుపే మంచిదని ఒకరు, దూదికి మించింది లేదని ఒకరు, అసలు నేల తల్లిని మించిన వైద్యం ఉందా అని ఒకరు. ప్రతివాళ్లకూ అలాగే నయమైన చుట్టం ఒకరు ఉండేవారు. ఇంతమంది చెప్పింది ఒకదానికొకటి ఎదురైనా, అన్నీ నిజమే ఎలా అయ్యాయో నాకు తెలిసేది కాదు. దేవుడి గూడు ముందు కూర్చుని, "గట్టిదా, మెత్తదా, ఏదో ఒకటి చెప్పు స్వామీ" అని అడిగేదాన్ని. స్వామి అదే చిరునవ్వుతో ఉండేవాడు. ఆ నవ్వు గట్టిదానికో మెత్తదానికో పోల్చుకోలేకపోయేదాన్ని.

చివరికి నాయిన తెగించాడు. కరెంటు లేని రోజు గిర్ని ఎలాగూ నడవదు. అలాంటి ఒక రోజు పొద్దున్నే అందరం సెవెన్ సీటర్ ఆటో ఎక్కి కొంపల్లి దగ్గర కొత్తగా తెరిచిన పరుపుల దుకాణానికి వెళ్లాం. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా అమ్మ నా చెయ్యి నొక్కేది. ఎంత నొప్పో ఆ నొక్కుడును బట్టి నేను లెక్కగట్టుకున్నాను.

దుకాణం నిండా మంచాలు, వాటి మీద పరుపులు. నాయిన నేరుగా వాటి దగ్గరికి వెళ్లి బొటనవేలితో నొక్కి చూడటం మొదలుపెట్టాడు. గిర్నివాళ్లకు అది అలవాటు. పిండి మెత్తగా పడిందా బరకగా పడిందా అన్నది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చెబుతారు. ఆ వేలి మీద మా ఇంట్లో అందరికీ నమ్మకం. ఆయన ఒక్కో పరుపునూ నొక్కి, చెవి పక్కకు వంచి, అది ఏదో చెబుతున్నట్టు వినేవాడు. దుకాణదారు వెంటే తిరుగుతూ చెప్పుకుపోతున్నాడు.

"అన్నా, గిది ఫోము, మస్తు మెత్తగుంటది. గిది కొబ్బరి పీచు, రాయి లెక్కుంటది. గీ పలుచటిది లేటెక్సు. దీన్ని గట్టి పరుపు మీద పరుసుకోవాలె. ఏది గావాలన్న నీ ఇష్టం."

"నడుం నొప్పికి గట్టిదే మంచిదన్నడు డాక్టరు" అన్నాడు నాయిన, వేలు పీచు పరుపు మీదే ఉంచి.

అమ్మ ఒక స్తంభం పక్కన, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నిలబడింది. ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉండవచ్చు. మా ఇళ్లలో పెద్దవాళ్ల ఎదుట ఆడవాళ్లు మంచం మీద కూర్చునేవారు కాదు. ఇక నలుగురు తిరిగే అంగట్లో, పరాయి మగవాళ్ల ముందు నడుం వాల్చడమన్నది అమ్మ ఊహకైనా అందదు. దుకాణదారు మర్యాదగా "పండుకొని సూడు అక్కా" అంటే, ఆమె స్తంభానికి ఇంకొంచెం దగ్గరగా జరిగింది. "ఆయన నొక్కి సూస్తుండు గద" అంది. నాయిన కూడా అందులో తప్పేమీ చూడలేదు. పీచు పరుపు కట్టమని చెప్పడానికి నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే అవ్వ "అయ్యో" అంది. నుదురు పట్టుకుని, పక్కనున్న మంచం మీద కూలబడి, వెనక్కి వాలిపోయింది.

"కండ్లు తిరుగుతున్నయ్ కొడుకా. లోకమంత గిర్రున తిరుగుతాంది."

నాయిన పరుగెత్తుకొచ్చాడు. దుకాణదారు ఫ్యాన్ వేయబోయి, కరెంటు లేదని గుర్తొచ్చి చేతులు నలుపుకున్నాడు. "నీళ్లు గాదు, సోడా తాగితె నిమ్మలమైతది" అని అవ్వ కళ్లు మూసుకునే చెప్పింది. "ఇద్దరు పొండ్రి, ఒక్కని తోని గాదు. మొగోళ్లు మీద నిలవడితె గాలాడుతలేదు. పొండ్రి, జల్దీ."

ఇద్దరూ బయటికి పరుగెత్తారు. దుకాణంలో మేం ముగ్గురమే మిగిలాం. ఒక్క సోడాకు ఇద్దరెందుకని వాళ్లకూ తోచలేదు, నాకూ తోచలేదు. అవ్వ చచ్చిపోతోందనే అనుకుని, నాకు వచ్చిన ఒక్క శ్లోకమూ మొదలుపెట్టాను. సగం కూడా కాకముందే అవ్వ ఒక కన్ను తెరిచింది.

"నువ్వు తలుపుకాడికి పోయి నిలబడు. వాళ్లు వస్తే దగ్గు." తర్వాత కోడలి వైపు తిరిగింది. "ఇగ రా పిల్లా. పండుకో."

"అత్తమ్మా, నీకు కండ్లు..."

"నా కండ్లకేమైంది, మంచిగ కనవడుతున్నయ్. నా ముందు గూడ సిగ్గా నీకు? నీ కాన్పు జేసింది నేనే గద."

అమ్మ ముందు మెత్తటి ఫోము మీద పడుకుంది. నడుం లోపలికి కుంగింది. అవ్వ తన చెయ్యి అమ్మ నడుం కింద దూర్చబోయింది, అది దూరలేదు. పక్కకు తిరగమంటే "స్స్" అని శబ్దం వచ్చింది. "ఎట్లుంది?" అంటే, "మంచిగనే ఉంది అత్తమ్మా" అంది. తర్వాత పీచు పరుపు. ఈసారి నడుం కింద అంత సందు, అవ్వ చెయ్యి మోచేతి దాకా దూరిపోయింది. మళ్లీ తిరగడం, మళ్లీ ఆ శబ్దం. "ఎట్లుంది?" "మంచిగనే ఉంది అత్తమ్మా."

అవ్వకు ఒళ్లు మండింది. "ఏంది, అన్నీ మంచిగనే ఉంటయా? పెండ్లయినకాడికెల్లి గీ ఒక్క మాటే ఇంటున్న. నేను నీ మర్యాద నడుగుతలేను పిల్లా, నీ నడుమును అడుగుతున్న."

అమ్మ ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదులుతుంది. సిగ్గు కాదు, కోపం కాదు. ప్రశ్న ఏమిటో తెలియని పిల్ల ముఖం అది. పిండిలో ఏ అక్షరం రాయాలో తెలియనప్పుడు నాకూ అలాగే ఉండేది. నాకు పాఠాలు చెప్పే అమ్మకు, తన నడుముకు ఏది హాయో తెలియకపోవడం ఏమిటని తికమకపడ్డాను.

అవ్వ ఆ పలుచటి లేటెక్సును లాక్కొచ్చి పీచు పరుపు మీద తనే పరిచింది. అమ్మ పడుకుంది. బాలింతలకు నూనె రాసిన చెయ్యి అవ్వది. ఈసారి అది నడుం కింద దూరింది, కానీ పట్టీపట్టనట్టు, పరుపు ఆ చేతిని మెల్లగా పట్టుకున్నట్టు. "ఇటు తిరుగు" అంది. అమ్మ తిరిగింది. నేను ఆ శబ్దం కోసం చూశాను. రాలేదు. అటు తిరగమంది. అప్పుడూ రాలేదు.

"ఏమాయె? మంచిగనే ఉంది అనవా?"

అమ్మ కళ్లు మూసుకుంది. కాసేపటికి, ఎవరితోనో రహస్యం చెబుతున్నట్టు, "జర సేపు గిట్లనే ఉండనీ అత్తమ్మా" అంది.

తనకోసం అమ్మ ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు.

నేను దగ్గడం మరిచిపోయాను. నాయిన, దుకాణదారు చెరొక సోడా పట్టుకుని లోపలికి వచ్చేసరికి, కళ్లు తిరిగిన అవ్వ మంచం అంచున కూర్చుని కొంగుతో విసురుతోంది. ఏమీ కాని అమ్మ పడుకుని ఉంది. నాయిన ఒక సీసా వైపు, ఇంకో సీసా వైపు చూశాడు.

"గిదేంది? కండ్లు తిరిగింది ఎవలికి?"

"నాకే. తగ్గింది. గా సోడా ఇటు దే" అంది అవ్వ.

అమ్మ గాభరాగా లేచింది. లేచేటప్పుడు ఏ గోడా పట్టుకోలేదు. మా నాయిన అది చూశాడో లేదో తెలియదు గాని, అలవాటు కొద్దీ వంగి ఆ లేటెక్సును బొటనవేలితో నొక్కాడు. "జర లోపటికి పోతాంది గదమ్మా. గట్టిదే మంచిదేమో?"

"నొప్పి నీ బొటనేలుకు గాదు కొడుకా" అంది అవ్వ, సోడా గుటక వేస్తూ.

నాయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, అలవాటు లేని పని చేస్తున్నవాడిలా, "నువ్వు జెప్పు. ఏది తీస్కుందాం?" అన్నాడు. అమ్మ అవ్వ వైపు చూసింది. అవ్వ కావాలనే సీసాలోని గోలీని చూస్తూ కూర్చుంది. ఇక తప్పదని, "గిది" అంది అమ్మ. ఆ ఒక్క మాటకు ఎంత బలం కావలసి వచ్చిందో!

గట్టి పరుపూ, దాని మీదకు లేటెక్సూ రెండూ ఇంటికి వచ్చాయి. నొప్పి రాత్రికి రాత్రి మాయం కాలేదు. సంచులు ఎత్తడం మానింది, డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేసింది, మెల్లమెల్లగా కోలుకుంది. కాలి తిమ్మిరి పోయింది. నా చదువు మళ్లీ సాగింది. పరుపు వల్ల తగ్గిందా, లేక ఏం కావాలని ఒకరు అడిగినందువల్ల తగ్గిందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఈ రెంటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. ఏది ఎంతో ఆయనకే తెలుసు.

తేలనిది ఇంకొకటి ఉంది. అబద్ధమాడితే దేవుడు చూస్తాడని నాకు నేర్పింది అవ్వే. ఆ సాయంత్రం దీపం పెడుతుంటే, "మరి నువ్వు ఆడినవ్ గద అవ్వా?" అని అడిగాను. వత్తి సరిచేస్తూ, "ఆడిన. ఆయన సూసిండు. సూసి నవ్విండు కావచ్చు, నాకెర్కలేదు" అంది. అది తప్పో ఒప్పో చెప్పమంటే చెప్పలేదు. ఈ వయసులో నన్ను అడిగినా చెప్పలేను.

ఆ రోజు నుంచి నా వెంట వస్తున్నది ఒక్కటే. ఒంట్లో బాగాలేనివాళ్లకు ఏదైనా తెచ్చే ముందు, వాళ్లనే అడుగుతాను. "బాగానే ఉంది" అన్న మొదటి జవాబును నమ్మను, రెండోదాన్నీ నమ్మను. నిశ్శబ్దం వచ్చేదాకా ఆగుతాను. ఆ తర్వాత వచ్చేది చిన్న మాటే అయినా, అదే అసలు జవాబు. ఎప్పుడూ సరిగ్గా చేయగలుగుతున్నానని కాదు. మా ఇంట్లోవాళ్లే కొన్నిసార్లు విసుక్కుంటారు.

ఇది చదివినవారిని ఒక్కటే కోరుకుంటాను. ఎప్పుడైనా మీ ఇంట్లో ఎవరికోసమైనా పరుపు కొనడానికి వెళ్తే, నొప్పి ఉన్నవాళ్లను దాని మీద కాసేపు పడుకోనివ్వండి. వాళ్లు కళ్లు మూసుకుని ఉన్నంతసేపూ మా అవ్వను తలుచుకోండి. ఆమె పేరుతో పనిలేదు. మేడ్చల్ గిర్ని అవ్వ అనుకుంటే చాలు.