తూనీగవీరుడి వంకరపన్ను

పళ్ళ డాక్టరుగారికి ఉన్న జబ్బు ఒక్కటే. నోరు తెరుచుకుని పడుకున్న మనిషి కనబడితే చాలు, తూనీగవీరుడి కొత్త బొమ్మల సీరియల్లో ఎన్ని తప్పులున్నాయో ఏకరువు పెట్టకుండా ఉండలేరు.

తూనీగవీరుడంటే ఆయన చిన్నప్పుడు టీవీలో వారానికోసారి వచ్చిన బొమ్మల వీరుడు. నాలుగు రెక్కలు, ఆకుపచ్చ అంగీ, తుప్పురాజు అనే శత్రువు. లోకం ఆ వీరుణ్ణి ఎప్పుడో మరిచిపోయి హాయిగా ఉంది. ఈ ఏడాది ఎవరో పూనుకుని ఆ సీరియల్‌ని కొత్త రంగులతో మళ్ళీ తీయడం మొదలుపెట్టారు. మిగతావాళ్ళకి చీమ కుట్టినట్టయినా లేదు. డాక్టరుగారికి మాత్రం తను ఊళ్ళో లేనప్పుడు ఎవరో ఇంట్లో దూరి సామానంతా జరిపేసినట్టయింది.

“అంగీకి నీలం రంగు వేశారండీ. ఆకుపచ్చ అంగీని నీలం చేసినవాడు రేపు ఆకాశాన్ని పసుప్పచ్చగా చెయ్యడని ఏమిటి నమ్మకం? అవునా కాదా?” అనేవారు, దవడ పన్ను దగ్గర మర తిప్పుతూ.

“ఆ,” అనేవాడు రోగి. నోట్లో అరడజను సామాన్లున్నవాడు అంతకంటే ఏమంటాడు? డాక్టరుగారు దాన్ని సమ్మతి కింద జమ కట్టుకునేవారు. ఆ లెక్కన ఊళ్ళో సగం మంది ఆయన పక్షమే.

ఇదంతా బయటి గదిలో కూర్చుని వినేది ఆయన భార్య. వచ్చినవాళ్ళని వరసగా లోపలికి పంపడం ఆవిడ పని. పెళ్ళయిన కొత్తలో ఆవిడకి తుప్పురాజంటే ఆడపడుచు మొగుడేమో అనిపించేది, ఇంట్లో అంత తరచుగా ఆ పేరు వినబడేది. ఇప్పుడు తుప్పురాజు తాతముత్తాతలు కూడా ఆవిడకి తెలుసు.

ఇంట్లో పాత సీరియల్ క్యాసెట్లున్నాయి. వాటిని ఆడించే పెట్టె ఎప్పుడో మూలపడింది. బాగుచేయిద్దామని ఆవిడ అడిగినప్పుడల్లా ఆయన ఇంతెత్తున లేచేవారు. “అవి భద్రంగా దాచుకునేవే గాని అరగదీసేవి కావు.” భక్తి ముదిరితే దేవుణ్ణి కూడా బయటికి రానివ్వరు కాబోలనుకుని ఆవిడ ఊరుకుంది.

కానీ ఆయన ఫిర్యాదులన్నిటికీ తలమానికం పన్ను. పాత తూనీగవీరుడికి ముందు పళ్ళ పక్కన ఒక వంకరపన్ను ఉండేదట. కొత్తవాళ్ళు దాన్ని తిన్నగా చేసేశారట. “వాడి మొహంలో ఉన్న అందమంతా ఆ పన్నులోనే ఉంది,” అని డాక్టరుగారు వాపోతుంటే, అవతల రోగి నోట్లో వంకరపళ్ళు తిన్నగా చెయ్యడానికి అదే చేత్తో తీగ బిగిస్తుండేవారు. ఆ తమాషా ఆయనకి ఒక్కనాడూ తట్టలేదు.

రుజువు కావాలంటే కుర్చీకి సరిగ్గా పైన, గది కప్పుకి అంటించిన పాత పటం ఉండనే ఉంది. పడుకున్నవాళ్ళకి అది తప్ప ఇంకేం కనబడదు. రెక్కలు చాచి నవ్వుతున్న వీరుడు, నవ్వులో వంకరపన్ను. ఆ కుర్చీ ఎక్కిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఆయన ముందు చూపించేది ఆ పన్నునే. ఆయన ఈడువాళ్ళలో ఆ సీరియల్ చూసినవాళ్ళు ఒకరిద్దరు లేకపోలేదు గాని, అప్పటి టీవీల్లో వీరుడి మొహమే అలుక్కుపోయినట్టుండేది, ఇంక పళ్ళ సంగతి ఎవరికి గుర్తు?

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఆవిడ అక్క కూతురి దగ్గర వచ్చింది.

ఆ పిల్ల సగం బాల్యం ఈ ఇంట్లోనే గడిచింది. బాబాయ్ చెప్పిన తూనీగ కథలు వింటూ, కథతో పాటు బొమ్మలు గీస్తూ పెరిగింది. ఇప్పుడు “ఏదో కంప్యూటర్ ఆఫీసులో” పనిచేస్తోందని అందరికీ చెప్పారు. అసలు సంగతి పిన్నికి ఒక్కదానికే తెలుసు. ఆ ఆఫీసు కొత్త తూనీగవీరుణ్ణి తీస్తున్న ఆఫీసే. పాత్రలు మాట్లాడుతుంటే పెదవులూ పళ్ళూ ఎలా కదలాలో, అంటే నోళ్ళు మాత్రమే, ఈ పిల్ల గీస్తుంది. మొదటి ఉద్యోగం. “బాబాయ్‌కి నచ్చితే అప్పుడు చెబుతాను పిన్నీ,” అంది. నచ్చడమా? నోళ్ళు గీసినవాణ్ణి మత్తుమందు లేకుండా తన కుర్చీలో పడుకోబెట్టాలని బాబాయ్ ఊరంతా చాటుతున్నారు.

ఆ ఆదివారం సాయంత్రం సీరియల్ బాబాయ్‌తో కలిసి చూస్తానని పిల్ల కబురు పెట్టింది. పిన్ని ఆయన నోటికి తాళం వెయ్యడం ఎలాగో ఆలోచించి, చివరికి ఆయన విద్యే ఆయన మీద ప్రయోగించింది. నోరు ఖాళీగా లేని మనిషి ఏం మాట్లాడతాడు? పెద్ద పళ్ళెం నిండా బిస్కెట్లు పెట్టి పక్కనే కూర్చుని, ఒకటి అవగానే ఇంకొకటి అందించసాగింది.

రెండు బిస్కెట్ల మధ్య సందు దొరికించుకుని ఆయన రెక్కల్ని చీల్చి చెండాడారు. మరో సందులో, తుప్పురాజు గడ్డం దువ్వుకోవడం ఏమిటని నిలదీశారు. పిల్ల నవ్వుతూనే ఉంది. మూడో సందులో మాత్రం ప్రమాదం జరిగిపోయింది.

“ఆ నోళ్ళు చూడమ్మా. పళ్ళా అవి, బాత్‌రూమ్ పలకలా? గీసినవాడికి సొంత పళ్ళున్నాయా అని.”

“ఉన్నాయి బాబాయ్,” అంది పిల్ల. “గీస్తున్నది నేనే.”

పిన్ని చేతిలో బిస్కెట్టు చేతిలోనే ఉండిపోయింది. అవసరం కూడా లేకపోయింది. డాక్టరుగారి నోరు మొట్టమొదటిసారి తనంతట తాను మూతపడింది.

“పాత బొమ్మలన్నీ మా ఆఫీసులో ఉన్నాయి,” అంది పిల్ల, టీవీ మీంచి చూపు తిప్పకుండా. “చేరగానే ఒక్కటి వదలకుండా చూశాను. వంకరపన్ను ఎందులోనూ లేదు బాబాయ్.”

డాక్టరుగారు మూలనున్న, క్యాసెట్లు ఆడించే పెట్టె వైపు దొంగచూపు చూశారు. ఆ చూపుతో భార్యకి అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. దాన్ని బాగుచేయిస్తే ఎవరి గుట్టు బయటపడుతుందో కూడా.

ఈ పిల్ల చిన్నప్పుడు స్కూల్లో ఫొటో తీస్తామంటే రానని మంచం కింద దూరింది. వంకరపన్ను చూసి తోటిపిల్లలు ఏడిపించేవారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వేది కాదు. పన్ను సరిచెయ్యడానికి వయసు చాలదు, కొన్నేళ్ళు ఆగాలన్నారు డాక్టరుగారు. మర్నాడు పొద్దున్నే క్లినిక్‌లో ఆయన ముక్కు మీద నల్ల సిరాచుక్క కనబడితే, ఇదేమిటండీ అని ఆవిడ అడిగింది. చేతికందని చోట పన్ను కట్టానన్నారు. ఆ సాయంత్రమే పిల్లని కుర్చీలో పడుకోబెట్టి, “పైకి చూడు, నీలాగే ఉన్నాడు,” అన్నారు. వయసొచ్చాక పన్ను సరిచేస్తానంటే, పిల్లే ససేమిరా ఒప్పుకోలేదు.

ఇంతలో టీవీలో తుప్పురాజు బోర్లాపడ్డాడు. తూనీగవీరుడు నడుం మీద చేతులేసుకుని నవ్వాడు. ఆ నవ్వులో, ఒక పక్కగా, పక్క పన్ను మీదికెక్కి కూర్చున్న బుల్లి పన్ను.

“ఈ వారమే కొత్తగా పెట్టాను. ఇదెక్కడిదని మా ఆఫీసు పెద్దాయన అడిగాడు,” అంది పిల్ల. “పాత అభిమాని ఒకాయన ఉన్నారు, ఇది లేకపోతే ఊరుకోరు అన్నాను.”

డాక్టరుగారు లేచి వెళ్ళి టీవీకి ముక్కు ఆనించినంత పని చేశారు. భార్య పమిట చెంగు సిద్ధం చేసుకుంది, ఆయన కళ్ళు తుడవాల్సొస్తుందేమోనని.

“తప్పు,” అన్నారు డాక్టరుగారు. “కుడివైపు ఉండాలి.”

“పటంలో మీరు కుడివైపు గీశారు. నాది ఎడమవైపు,” అంటూ పిల్ల నోరు తెరిచి చూపించింది.

ఆయన అలవాటు కొద్దీ చొక్కా జేబులోంచి పళ్ళు చూసే బుల్లి అద్దం తీసి, పిల్ల మొహం దీపం వైపు తిప్పి, వంగి పరీక్షగా చూశారు. అద్దంలో పన్ను కుడివైపే ఉంది. అద్దం తీసేసి చూశారు. ఎడమవైపు ఉంది.

“అద్దంలో చూసి గీసినట్టున్నాను,” అని గొణిగారు. “అంటే ఇన్నేళ్ళూ తప్పు నాదేనంటావు. అవునా కాదా?”

“ఆ,” అంది పిల్ల, తెరిచిన నోరు మూయకుండానే.