దోన్ బాల్తసార్ ఆగిన చోటు

దోన్ బాల్తసార్ ఆగిపోయేవాడు. ఆయన గురించి ఎవరైనా ముందు చెప్పే మాట అదే. పెరూ దేశంలోని కొండ ఊరు కుస్కోలో పెద్ద చర్చి నుంచి మెట్ల వీధి మీదుగా సాన్ బ్లాస్ చర్చికి ఎంత దూరమని! పొయ్యి మీద పాలు పెట్టి వెళ్ళి, పొంగేలోపు తిరిగి రావచ్చు. దోన్ బాల్తసార్‌తో వెళితే ఆ పాలు పెరుగైపోయేవి.

"ఆగండాగండి!" అని రెండు చేతులూ బార్లా చాపేవాడు, వెనకాల వచ్చేవాళ్ళకు రైలు గేటు వేసినట్టు. "అమ్మ బాబోయ్! ఈ రాయి చూశారా?"

చూడక ఏం చేస్తారు? పూర్వం ఆ ఊరినేలిన ఇన్కా రాజుల కాలం నుంచి అక్కడే ఉన్న రాయి అది. ఆయన చిన్నప్పుడు దాని పక్కనే గోళీలాడాడు. అయినా సరే, రాత్రికి రాత్రి ఎవరో తెచ్చి పెట్టి వెళ్ళినట్టు నోరు తెరిచేవాడు.

కోడలు యెసేనియాది అరెకిపా పట్నం. మాటా నడకా రెండూ వడిగా సాగే పిల్ల. పెళ్ళయిన కొత్తలో ఆదివారం ప్రార్థన ముగించుకుని అత్తమామలతో పైనున్న ఇంటికి ఎక్కుతున్నప్పుడు ఆ గోడ దగ్గర ఆయన మొహం చూసి ముచ్చటపడింది. 'ఎంత రసజ్ఞుడు మా మావయ్య' అని పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పింది. రెండో ఆదివారం అదే రాయి, అదే కేక. మూడో ఆదివారానికి ముచ్చట తీరిపోయింది. నాలుగో వారం బూటు లేసు ఊడిందని వంకపెట్టి వెనకాలే ఉండిపోయింది.

వింతేమిటంటే, ఈయన ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. అప్పట్లో స్టాపులో కూడా ఆపేవాడు కాదట. "ఎక్కేవాళ్ళు పరిగెత్తి ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు దేవుడి మీద భారం వేసి దూకేవాళ్ళు" అని పాత ప్రయాణికులు ఇప్పటికీ చెబుతారు. అలాంటి మనిషి రిటైరయ్యాక స్టాపు లేని చోటల్లా ఆగడం మొదలుపెట్టాడు.

టూరిస్టులకు ఆయన పండగ. ఒక మనిషి గోడ ముందు నిలబడి గుండె మీద చెయ్యి వేసుకున్నాడంటే అక్కడేదో ఉండే ఉంటుందని పోగయ్యేవాళ్ళు. ఒకసారి ఆయన వాన నీటి గొట్టం ముందు ఆగి, "ఎంత నిటారుగా ఉందో చూశారా!" అన్నాడు. వెనక్కి తిరిగితే ఇరవైమంది ఆ గొట్టాన్ని ఫొటోలు తీస్తున్నారు. గైడు పిల్ల ఏడుపొక్కటే తక్కువ. "దోన్ బాల్తసార్, మీకు పుణ్యముంటుంది, కాస్త ముందుకు జరగండి! ఇప్పుడు వీళ్ళకి దీని చరిత్ర నేనెక్కడి నుంచి తేవాలి?"

ఆయన భార్య దోన్యా గ్రిమనేసా ఆడపిల్లల బడిలో వ్యాయామం టీచరుగా పనిచేసింది. మెడలో ఈల తీసేసి చాలాకాలమైనా ఆ నిలబడే తీరు పోలేదు. ఆవిడ ముందు వంగి కూర్చోవడానికి కుర్చీలు కూడా భయపడేవి. మొగుడు ఆగినప్పుడల్లా తిట్టేది. కాకపోతే ఆ తిట్లు ఎప్పుడూ కాసేపాగి మొదలయ్యేవి.

"మళ్ళీ ఆగాడు! దేవుడు కాళ్ళిచ్చింది నడవడానికయ్యా, బాల్తసార్! మేకుల్లా పాతుకోవడానికి కాదు!"

"ఒక్క క్షణమే, గ్రిమా. ఆ పక్క రాయి కూడా..."

"నువ్వే రాయివి!"

ఇదంతా యెసేనియా సహించింది, కొడుకు బారసాల రోజు దాకా. ఆ రోజు మాత్రం ఆమెకు గడియారం తప్ప ఇంకేదీ కనపడలేదు. సాన్ బ్లాస్ చర్చిలో పిల్లవాడికి జ్ఞానస్నానం. ఆ వెంటనే అక్కడే ఎవరిదో పెళ్ళి. "ఆలస్యమైతే పిల్లవాడికి పేరు లేకుండానే ఇంటికి పంపిస్తాను" అని ఫాదర్ ముందే చెప్పాడు. ఆమె భర్త రోమెల్, పిల్లవాడికి జ్ఞానపితగా నిలబడే పెద్దమనిషి అప్పటికే చర్చిలో ఉన్నారు. అత్తమామలూ యెసేనియా మాత్రం పిల్లవాణ్ణి ముందు పెద్ద చర్చిలో భూకంపాల స్వామి అని పిలిచే క్రీస్తు విగ్రహానికి చూపించాలని కిందికి దిగారు. అది దోన్యా గ్రిమనేసా మొక్కు.

స్వామి ముందు మొక్కు తీరేసరికి పొద్దెక్కింది.

"టాక్సీలో చుట్టూ తిరిగి వెళదాం అత్తయ్యా" అంది యెసేనియా.

"ఈ మాత్రం దూరానికా? నన్ను మోసుకెళ్ళాల్సిన రోజు వచ్చినప్పుడు టాక్సీ కాదు, శవపెట్టె తెప్పించు" అని ఆవిడ ముందుకు సాగింది.

రాతిగోడల సందు మొదట్లోనే దోన్ బాల్తసార్ చేతులు లేచాయి. "ఆగండాగండి! అమ్మ బాబోయ్..."

"మావయ్యా!" పిల్లవాడు ఉలిక్కిపడేలా అరిచింది యెసేనియా. "ఇవాళ ఒక్కరోజు! మీ మనవడి కోసం. ఆ రాళ్ళెక్కడికీ పోవు!"

ఆయన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. భార్య వంక చూశాడు, కోడలి వంక చూశాడు, చేతులు దించాడు.

"అబ్బ, ఇన్నాళ్ళకి నా మాట అన్నవాళ్ళు దొరికారు" అంది దోన్యా గ్రిమనేసా. "పదండి!"

పదిమంది పిల్లల్ని కవాతు చేయిస్తున్నట్టు ఆవిడ ముందు, పిల్లవాడితో యెసేనియా మధ్యలో, దోన్ బాల్తసార్ వెనక. సందు దాటారు. మెట్ల వీధి మొదలైంది. ఎన్నడూ లేనంత వేగంగా ఎక్కుతున్నారు. యెసేనియా మనసు తేలికైంది. అప్పుడు ముందు నుంచి ఒక శబ్దం వినిపించింది. పాత కొలిమితిత్తిని ఎవరో గబగబా తొక్కుతున్నట్టుంది.

తలెత్తి చూసింది. అత్తయ్య వీపు నిటారుగానే ఉంది. కానీ ఒక చెయ్యి గోడ మీద ఉంది, ఆ వేళ్ళు రాతిని గట్టిగా పట్టుకున్నాయి. పక్కకు తిరిగిన మొహంలో పెదవులు నీలంగా కనిపించాయి. అయినా కాలు ఇంకో మెట్టు మీదికి లేస్తోంది.

యెసేనియా వెనక్కి తిరిగింది. దోన్ బాల్తసార్ గోడల్ని చూడటం లేదు. ఆయన చూపు భార్య భుజాల మీదే ఉంది, ఊపిరికి అవి ఎంత లేస్తున్నాయో ఎంత దిగుతున్నాయో అని. అంత నిస్సహాయంగా ఉన్న మొహం ఆమె ఎన్నడూ చూడలేదు.

పొద్దున ఇదే దారిలో దిగినప్పుడు ఆయన ఎక్కడా ఆగలేదని ఆమెకు అప్పుడు తట్టింది. దిగేటప్పుడు ఏ ఆదివారమూ ఆగలేదు. పాత బస్సులా దూసుకుపోయేవాడు.

"ఆగండాగండి!" అని అరిచింది యెసేనియా. ఒక చేత్తో పిల్లవాణ్ణి పట్టుకుని రెండోది బారగా చాపింది. "అమ్మ బాబోయ్! అత్తయ్యా, ఆ రాయి చూశారా?"

దోన్యా గ్రిమనేసా ఆగింది. గోడకు వీపు ఆనించింది. తిట్టడానికి గాలి లేదు.

"ఏ రాయమ్మా?" అన్నాడు దోన్ బాల్తసార్.

"అదే... అదిగో." ఏదో ఒకటి చూపించాలి గనక వేలు చాపింది. చాపాక చూసింది. తెల్లగా సున్నం వేసిన ఇంటి అడుగున పాత గోడ. ఎండ ఏటవాలుగా పడుతోంది. ఒక్కో రాయీ పొంగిన రొట్టెలా కాస్త ఉబ్బి, పక్కదాని ఒంపులో సరిగ్గా ఒదిగి కూర్చుంది. మధ్యలో సున్నం లేదు, మట్టి లేదు. పైనున్న ఇళ్ళు ఎన్ని భూకంపాలకు కూలి, ఎన్నిసార్లు లేచాయో! ఈ రాళ్ళు మాత్రం ఒకదాన్నొకటి వదల్లేదు. యెసేనియా వేలు అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి మావయ్యా?" అంది మెల్లగా.

"ష్! ఆవిడవి పాము చెవులు." ఆయన దగ్గరికి వచ్చాడు. "నిమోనియా వచ్చి తగ్గినప్పటి నుంచి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆగి ఆగి ఎక్కమన్నాడు డాక్టరు. ఈవిడ డాక్టర్నే మార్చేసింది. అందుకని నేనే ఆగడం మొదలుపెట్టా."

"అయితే ఆ రాళ్ళూ, ఆ ఆశ్చర్యం... అంతా నాటకమేనా?"

"మొదట్లో నాటకమే తల్లీ. ఊరికే నిలబడితే పట్టేస్తుందని గోడకేసి చూసేవాణ్ణి." ఆయన ఆ రాతి మీద అరచెయ్యి ఆనించాడు. "చూడగా చూడగా ఏమైందంటే... దీని తస్సాదియ్యా, నిజంగానే ఎంత బావున్నాయో! ముప్ఫై ఏళ్ళు ఇలాంటి గోడల పక్క నుంచే బస్సు తోలాను, ఒక్కటీ కనపడలేదు. అయితే ఆ గొట్టం మాత్రం ఒట్టి నాటకం. అక్కడ ఇంకేం దొరకలేదు."

యెసేనియా నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమిటా గుసగుసలు?" అంది దోన్యా గ్రిమనేసా. పెదవులకు రంగు తిరిగొచ్చింది. "మేకులు పాతడం అయిందా?"

మిగతా మెట్ల మీద వాళ్ళు ఇంకో నాలుగు చోట్ల ఆగారు. రెండు మావయ్యవి, రెండు కోడలివి. చర్చికి చేరేసరికి పెళ్ళివాళ్ళు బయట బారులు తీరి ఉన్నారు. ఫాదర్ గుమ్మంలో నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

"దోన్ బాల్తసార్! మళ్ళీ మీరేనా?"

"ఆయన్నేమీ అనకండి ఫాదర్" అంటూ దోన్యా గ్రిమనేసా ఆయన్ని దాటుకుని లోపలికి నడిచింది. "ఇవాళ తప్పంతా మా కోడలిది. బంగారంలాంటి పిల్ల, మా ఇంటికొచ్చి చెడిపోయింది. పిల్లవాడికి త్వరగా నీళ్ళు పొయ్యండి, వాడికి కూడా అంటుకోకముందే!"

అని వెళ్ళి మొదటి బెంచీలో కూర్చుంది. కూర్చున్నాక, ఎవరూ చూడటం లేదనుకుని, పక్కన కోడలికి చోటుంచి బెంచీ మీద రెండుసార్లు తట్టింది.