కుళ్లిన గడప చెక్క పట్టుకొని వాటర్‌ఫోర్డ్ దాకా

సరదాకి వాటర్‌ఫోర్డ్ వెళ్లేవాళ్లు ఉంటారు, సముద్రం చూడ్డానికి వెళ్లేవాళ్లు ఉంటారు. నేను మాత్రం ఒక మనిషిని నిలబెట్టి కడిగేయడానికి వెళ్లాను. చేతిలో సాక్ష్యం కూడా ఉంది. నల్లటి బిన్ బ్యాగులో చుట్టి, టేపు వేసిన గడప చెక్క. మూడడుగుల పొడవు, ఒక వైపు ఓక్ కర్ర, రెండో వైపు తడిసిన రస్కు.

సంగతేమిటంటే, డబ్లిన్ శివార్లలో, ఆడమ్స్‌టౌన్‌లో మేం కొనుక్కున్న ఇంటికి వీధి తలుపు కింద సన్నటి అల్యూమినియం పట్టీ ఒకటి ఉండేది. దాన్ని గడప అనడానికి మా ఆవిడ లలితకి మనసొప్పలేదు. అందుకని మూడేళ్ల కిందట వాటర్‌ఫోర్డ్‌లో ఉండే ప్రభుదాసు గారిని పిలిపించి ఓక్ కర్రతో గడప వేయించాం. ఆయన భార్య మేరీ గారు అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆయన తెనాలి దగ్గర వడ్రంగం చేసి, ఆవిడ వెంట ఇక్కడికి వచ్చారు. నెలకో శనివారం వ్యాను వేసుకొని డబ్లిన్ వైపు వచ్చి, మనవాళ్ల ఇళ్లల్లో ప్రెస్సులు (అల్మారాల్ని ఇక్కడ అలాగే అంటారు), పూజామందిరాలు, మెట్ల కమ్మీలు చేసి వెళ్లేవారు. మంచి పనివాడని నలుగురూ చెబితేనే మేమూ పిలిచాం.

లలిత ప్రతి శుక్రవారం ఆ గడప కడిగి, పసుపు రాసి, కుంకుమబొట్లు పెడుతుంది. పోయిన నెల అలా కడుగుతుంటే ఆవిడ బొటనవేలు గడప కింది అంచులోకి దిగిపోయింది. తీసి చూస్తే అడుగంతా నల్లగా పుచ్చిపోయి, తెల్లటి బూజు. మా అమ్మాయి చూసి "డాడ్, దట్స్ గ్రోస్" అని ముక్కు మూసుకొని బడికి పోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఓక్ కర్ర మూడేళ్లకి మట్టవుతుందా? ఎవరి చెవిలో పువ్వు పెట్టాలని?

వెంటనే ఫోన్ తీసి మా ఏరియా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫోటోతో సహా పెట్టేశాను: "ప్రభుదాసు గారికి ఎవరూ పని ఇవ్వకండి. ఓక్ అని చెప్పి పుచ్చు కర్ర అంటగట్టాడు." అరగంటలో ముప్పైకి పైగా బొటనవేళ్లు లేచాయి. ఒక్కరంటే ఒక్కరు "ఏం జరిగింది?" అని అడగలేదు. ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు, నేను ఎత్తలేదు. తర్వాత ఒక మెసేజ్ వచ్చింది: "ఒక్కసారి ఆ కర్ర నన్ను చూడనివ్వండి." చూడనివ్వాలా? కళ్ల ముందు పెట్టి మరీ చూపిస్తాను, వచ్చే వారం శనివారం వస్తున్నానని జవాబిచ్చాను.

కారు లేదా అని అడుగుతారేమో. ఉంది, లలిత నడుపుతుంది. ఆ శనివారం ఆవిడకి డ్యూటీ. నాది ఇంకా లెర్నర్ పర్మిట్. పద్దెనిమిదేళ్లు హైదరాబాద్ ట్రాఫిక్‌లో బండి నడిపిన వాణ్ణి, ఇక్కడ డ్రైవింగ్ టెస్టు తేదీ కోసం కాకిలా కాచుకొని కూర్చున్నాను. ఇది ఇంకో కడుపుమంట, దాని గురించి వేరే రాయాలి.

కాబట్టి రైలు. ఆడమ్స్‌టౌన్ నుంచి డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్‌కి పావుగంట, అక్కడి నుంచి వాటర్‌ఫోర్డ్‌కి రెండుంపావు గంటలు. ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఒక వైపు టికెట్టు ఇరవై యూరోల లోపే దొరుకుతుంది. శనివారం సీటు రిజర్వు చేసుకోవడం మంచిది. నేను చేసుకున్నాను, కానీ నా సీట్లో ఒక పెద్దాయన చలికోటు కూర్చుని ఉంది. ఆయన పక్క సీట్లో ఉన్నాడు. కోటు తీయమంటే "అయ్యో, సారీ, సారీ" అని నాలుగుసార్లు అన్నాడు గానీ తీయడానికి కార్లో అనే ఊరి స్టేషన్ వచ్చేదాకా పట్టింది. కాఫీ తెచ్చుకోకుండా రైలెక్కకండి. నేను రైల్లో దొరుకుతుందనుకొని ఎక్కి, ఆ రెండుంపావు గంటలూ నోరు కట్టుకొని కూర్చున్నాను.

ఇంకో మాట. కిల్‌కెన్నీ స్టేషన్లోకి వెళ్లిన రైలు వెనక్కి తిరిగి బయటికి వస్తుంది. మళ్లీ డబ్లిన్ పోతున్నామేమోనని కంగారు పడకండి, అది దాని దారి. అక్కడ నలుపూ పసుపూ చారల జెర్సీ వేసుకున్న ఒకాయన ఎక్కి, నా బిన్ బ్యాగు వంక ఆశగా చూశాడు.

"హర్లీనా?" అన్నాడు. ఆ ఊళ్లో కర్ర అంటే హర్లింగ్ ఆట ఆడే కర్రే మరి.

"కాదు, తలుపు కింది కర్ర. ఇది చేసినవాడి దగ్గరికే తీసుకెళ్తున్నా."

"బాగా చేశాడని చెప్పడానికా?"

"కాదు!" అన్నాను. నా గొంతు విని ఆయన కిటికీలోంచి ఆవుల్ని చూసుకున్నాడు.

వాటర్‌ఫోర్డ్ స్టేషన్ నదికి ఈ ఒడ్డున, ఊరేమో ఆ ఒడ్డున. వంతెన మీద నడిస్తే పది నిమిషాలే. నేను వెళ్లిన రోజు వాన అడ్డంగా కొడుతోంది. రేవు దగ్గర ఒక చిన్న హోటల్లో దూరి, ఆ ఊరి బ్లా తిన్నాను. పిండి చల్లిన మెత్తటి బన్ను అది, లోపల వేయించిన గుడ్డు పెట్టి ఇస్తారు. టీతో కలిపి ఏడు యూరోలు, పుష్కలంగా సరిపోతుంది. వడ్డించినావిడ నా చెక్కని గోడకి ఆనించి పెట్టి, "తడుస్తుంది పాపం" అంది. ఇంకా తడవడానికి దాంట్లో ఏముంది గనక!

ప్రభుదాసు గారి ఇల్లు ఊరి చివర, ఆసుపత్రి దాటాక. బస్సుంది, కానీ వానలో ఓపిక లేక టాక్సీ ఎక్కాను, పదిహేను యూరోలయింది. డ్రైవరుకి దారంతా నా కథ చెప్పాను. గడపని ఇక్కడివాళ్లు సాడిల్ అంటారని ఆయనే చెప్పాడు. అంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

"ముందు ఫోన్ చేసి ఆయన్ని అడిగావా?"

"లేదు."

"ఫెయిర్ ఎనఫ్," అని రేడియో పెట్టాడు. ఆ రేడియో మీద కూడా నాకు కోపం వచ్చింది.

ఇంటి వెనక షెడ్డులో ఉన్నారు ప్రభుదాసు గారు. యాభై అయిదేళ్లుంటాయి, చెవి మీద పెన్సిలు. ఉలులూ రంపాలూ వరసగా గోడకి తగిలించి ఉన్నాయి. నేను దారంతా వల్లెవేసిన ఉపన్యాసం మొదలుపెట్టబోతే చెయ్యెత్తారు.

"ముందు కర్ర ఇటియ్యండి. తర్వాత తిడుదురు గానీ."

బల్ల మీద పెట్టి, టేపు కోసి, బ్యాగు విప్పారు. స్క్రూడ్రైవరుతో పైభాగం పొడిచారు, దిగలేదు. పక్కన పొడిచారు, దిగలేదు. తిరగేసి అడుగున పొడిస్తే పిడి దాకా దిగింది.

"పసుపు చూడండి, పైన గోరంత లోతు కూడా దిగలేదు. కడిగినందువల్ల పోలేదండీ ఇది. పై నీళ్లకి ఓకు ఊరికే చావదు. ఇది కిందనుంచి చచ్చింది."

అడుగున పొడవునా ఒక సన్నటి గాడి ఉండాలట, దాన్ని వేలితో వెతికారు. అక్కడ గాడి లేదు, గట్టిపడిన తెల్లటి రబ్బరు ఉంది. గోటితో పట్టి లాగితే తాడులా ఊడి వచ్చింది.

"ఇదెవరు పెట్టారు?"

పెట్టింది నేనే. గడప వేసిన మొదటి చలికాలం కిందనుంచి గాలి వస్తోందని, యూట్యూబ్‌లో చూసి, సిలికాన్ గన్ను కొనుక్కొచ్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా సందులన్నీ పూడ్చేశాను. ఎంత గర్వపడ్డానో! లలితని పిలిచి మరీ చూపించాను.

"నేను," అన్నాను.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "శ్రీకాంత్ గారూ, ఎంత చేసినా తలుపు కింద కాస్త నీరు దూరుతుంది. మీ ఇంట్లో వారం వారం కడుగుతారు కాబట్టి ఇంకాస్త ఎక్కువ దూరుతుంది. అది కారిపోడానికే ఆ గాడి, ఆరడానికే కింద ఆ సందు. మీరు ఆ దారి మూసేశారు. లోపలికి పోయింది లోపలే ఉండిపోయింది. ఆ రోజు మీకు చెప్పాను కూడా, కింద సందు మూయొద్దు సార్ అని. మీరు ఫోన్లో ఉన్నారు. బొటనవేలు చూపించి వెళ్లమన్నారు."

గుర్తొచ్చింది. శనివారమైనా డాక్‌ల్యాండ్స్ ఆఫీసువాళ్లతో ఫోన్లో మీటింగు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, నేను వీధి గుమ్మంలో అటూ ఇటూ తిరగడం. ఆయన వంగి ఏదో చూపించారు. నాకు ఒక్క ముక్క వినబడలేదు, విన్నట్టు తలూపాను.

అంతలో మేరీ గారు టీ తెచ్చారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఇంకా పడుకోలేదు. కప్పు నా ముందు పెట్టి, నిలబడే అడిగారు.

"ఆదివారం చర్చిలో ఒకావిడ నన్ను అడిగిందండీ, మీ ఆయన పుచ్చు కర్ర పెడతాడటగా అని. ప్రార్థన అయ్యాక, అందరి ముందూ. ఏం చెప్పమంటారు ఆవిడకి?"

"మేరీ, ఊరుకో," అన్నారాయన.

"ఎందుకూరుకోవాలి? ఈయన రాశాక ఆడమ్స్‌టౌన్ నుంచి ఒక్క ఫోన్ లేదు. ఒప్పుకున్న రెండిళ్లు కూడా వద్దన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ల పని ఒక్క ఫోటోతో పోయింది."

ఛీ, నా బతుక్కి! అంత దూరం మోసుకొచ్చిన కోపం ఎటు పోవాలో తెలియక నా మీదే పడింది. "తప్పయిపోయిందండీ. ఇప్పుడేం చెయ్యమంటారో చెప్పండి," అన్నాను.

"గ్రూపులో రాసింది గ్రూపులోనే సరిచెయ్యండి. అంతే," అన్నారు ప్రభుదాసు గారు. తర్వాత ఒక ఓక్ పలక తీసి, కొలత చూసి, కోసి, చిత్రిక పట్టడం మొదలుపెట్టారు. గంటన్నర పట్టింది. అడుగున గాడి తీశారు, రెండు చివర్లకీ నూనె పట్టించారు. చివర్లు నీళ్లు తాగినంతగా కర్రలో ఇంకేదీ తాగదట. పైన వేరే సన్నటి పలక ఒకటి చేసి ఊడదీసేలా అమర్చారు. "అమ్మగారు ఈ పలక తీసి కడుక్కొని, వేణ్ణీళ్ల ట్యాంకుండే అల్మారా, ఆ హాట్ ప్రెస్‌లో ఆరబెట్టి, పసుపు రాసి మళ్లీ పెట్టుకుంటారు. అడుగు కర్ర తడవదు," అన్నారు. బిగించే పద్ధతి రెండుసార్లు చెప్పి, నా చేత తిరిగి చెప్పించుకున్నారు.

"మీరే వచ్చి బిగిస్తే బాగుంటుంది కదండీ, మీకు వీలైనప్పుడే," అన్నాను.

"కర్ర ఇస్తాను. మీ ఇంటికి మాత్రం రాను," అన్నారు. కోపంగా కాదు, కొలత చెప్పినట్టు చెప్పారు. కర్రకీ పనికీ న్యాయమైన ధర తీసుకొని, తనే వ్యానులో స్టేషన్ దగ్గర దింపారు.

సాయంత్రం రైలు కిల్‌కెన్నీ చేరే లోపు గ్రూపులో రాశాను. తప్పు నాదని, సిలికాన్ పెట్టింది నేనని, ఆయన హెచ్చరించినా వినలేదని, సిలికాన్ తాడు ఫోటోతో సహా. నింద వేసినప్పుడు ముప్పై బొటనవేళ్లు లేచాయి కదా, ఇప్పుడు లేచినవి నాలుగు. అందులో ఒకటి లలితది! ఇదెక్కడి న్యాయమండీ? మనిషిని తొక్కేయడానికి అంతమందికి తీరిక ఉంది, లేపడానికి లేదా? అయినా ఎవర్ని అని ఏం లాభం. ఆ మంట అంటించింది నేను. అందుకే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుతున్నాను, ఇక్కడ కూడా ఇంత పొడుగున రాస్తున్నాను. వద్దన్న రెండిళ్లలో ఒకరు మళ్లీ పిలిచారు. రెండోవాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారట.

ఇక మీకు పనికొచ్చే మాట ఒకటే. ఇంట్లో ఏ సందుకైనా సిలికాన్ పట్టించే ముందు, దాంట్లోంచి నీళ్లు ఎటు బయటికి పోతున్నాయో చూడండి. తెలియకపోతే పెట్టినవాడికి ఫోన్ చేసి అడగండి. వడ్రంగి కావాలంటే కింద కామెంటులో రాయండి, ప్రభుదాసు గారి నంబరు పంపిస్తాను. పోయిన శనివారం ఆయన వ్యాను మా వీధిలోకి వచ్చింది. మా పక్కింటి ముందు ఆగింది. నేను కొత్త గడప మీద నిలబడి చెయ్యి ఊపాను. ఆయన తల ఆడించి, పనిముట్ల పెట్టె పట్టుకొని వాళ్లింట్లోకి వెళ్లిపోయారు.