పెళ్లిచూపుల్లో వాయించిన ఇంగ్లీషు పాట

అరవైల మొదట్లో, మద్రాసులో చదువుతున్న మా అన్నయ్య సెలవులకు పర్చూరు వస్తూ ఒక ఇంగ్లీషు రికార్డు తెచ్చాడు. రాక్ అండ్ రోల్ అట. గ్రామఫోనుకు కీ ఇచ్చి పొద్దస్తమానం మా నెత్తిన రుద్దాడు. పాడేవాడు పాడుతున్నాడో, తేలు కుట్టి అరుస్తున్నాడో తెలిసేది కాదు. వెనక డప్పుల మోత ఒకటి. "ఒరేయ్, గొడ్లు బెదురుతున్నాయిరా, ఆ పాట కట్టెయ్" అంది నాయనమ్మ. ఆవిడ మాట నాకు నచ్చడం అదే మొదటిసారి.

అయినా ఆ వరస నన్ను వదల్లేదు. మిరపకాయల తొడిమలు తీస్తున్నా లోపల అదే తిరిగేది. ఒక మధ్యాహ్నం కోపంకొద్దీ నా వీణ మీద వాయించి చూశాను. మాటలు పోయాయి, డప్పులు పోయాయి, ఆ గొంతూ పోయింది. మిగిలినవి అయిదే స్వరాలు. వాడు గొంతు చించుకున్న చోటల్లా నేను తీగను పక్కకు లాగితే చక్కని గమకం పలికింది. పాట గట్టిదే, పాడినవాడే దండగ. ఆ సంగతి అన్నయ్యకు మాత్రం చెప్పలేదు.

అప్పటికి నాకు రెండు పెళ్లిచూపులయ్యాయి. పిల్లను పాడమనో వాయించమనో అడుగుతారు, మొదలుపెట్టగానే పెద్దలు కబుర్లలో పడతారు. రెండుసార్లూ నా కీర్తన మీదుగా గుంటూరు మిర్చి ధర, పత్తికి పట్టిన పురుగు నడిచిపోయాయి. నాకు ఆస్తి అక్కర్లేదు, అందగాడూ అక్కర్లేదు. పాట వినే ఇల్లు కావాలి, అంతే.

మూడోవాళ్లు నల్లపాడు నుంచి వచ్చారు. పెళ్లికొడుకు తండ్రి పకోడీ నములుతూ, "ఏదీ, ఒక కీర్తన వాయించమ్మా" అన్నాడు. ఒళ్లు మండి ఆ ఇంగ్లీషు పాటే ఎత్తుకున్నాను.

నములుడు ఆగింది. మిర్చి మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేశాడు, అదీ తప్పుగా. అయినా వీళ్లు వింటున్నారు.

పాట అయ్యాక ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఎంత భక్తి ఉందండీ ఇందులో. పాతకాలపు కీర్తన. మా నాయన రోజూ పాడేవాడు."

నోరు మూసుకుంటే సరిపోయేది. నా వల్ల కాలేదు.

"కీర్తన కాదండి. ఇంగ్లీషు రికార్డులో పాటండి."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నేనూ అదే అనుకుంటున్నా. ఎక్కడో చవకబారుగా తగుల్తానే ఉంది" అన్నాడు. మా నాన్న నన్ను కొరకొరా చూశాడు. "అసలు కీర్తన వాయించమ్మా" అన్నాడు పెద్దమనిషి.

వాయించాను. పల్లవి పూర్తి కాకముందే ఆయన మా నాన్న వైపు తిరిగాడు. "ఈ ఏడు మీ వైపు మిర్చి ఎట్లా ఉంది, బావగారూ?"

ఆ పిలుపుతో సంబంధం ఖాయమైందని ఇంట్లో అందరికీ అర్థమైంది. వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది. వాళ్లు పత్తి దగ్గరికి వెళ్లేసరికి నేనింకా చరణంలోనే ఉన్నాను.