అల్లుడికి నేర్పిన తోముడు

మా ఆయన తాగిన చాయ్ గ్లాసు ఏనాడూ తీసి సింకులో పెట్టిన మనిషి కాదు. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం మేడ మీద గొంతుక్కూర్చుని, మోచేతుల దాకా మసి పూసుకుని, బార్బెక్యూ గ్రిల్లు ఊచలు తోముతుంటే ఏ పెళ్లామైనా సంతోషపడాలి కదా! నాకు ఒళ్లు మండిపోయేది. పక్కనే ప్లాస్టిక్ స్టూలు మీద మా బాపు కూర్చుని ఆయనకు ఆ పని నేర్పుతుండేవాడు.

మా బాపు. నాకు బాపు. నేర్పేది మాత్రం ఆయనకు.

బాపుది బోధన్ అవతల చెరుకు పండించే ఊరు. మా గానుగ దగ్గర వండిన బెల్లానికి నవీపేట్ దాకా పేరుండేది. ఆ పేరు చెరుకుది కాదు, పెనానిది అనేవాడు బాపు. పాకం వండే ఇనుప పెనం అడుగున నిన్నటి మాడు గోరంత మిగిలినా ఇవాళ్టి బెల్లం నల్లగా దిగుతుందట. అందుకే పెనం తోమడం ఇంకొకరికి వదిలేవాడు కాదు. తోమడం అయ్యాక ఆఖరిసారి కడిగిన నీళ్లు దోసిట్లో పట్టుకుని, నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేవాడు. నీళ్లు నీళ్లలాగే ఉంటే పెనం శుభ్రమైనట్టు. ఏ కొంచెం చేదు తగిలినా మళ్లీ మొదటి నుంచి తోమాల్సిందే.

ఇదంతా నేను దూరం నుంచి చూసిందే. ఆడపిల్లలు పెనం గట్టు ఎక్కితే పాకం విరుగుతుందని మా వైపు ఒక పట్టింపు ఉండేది. ముక్కు తుడుచుకోవడం కూడా చేతకాని మా చిన్నాయన కొడుకులు పెనంలోకి దిగి పీచు పట్టుకునేవాళ్లు, కడుగు నీళ్ల రుచి చూసి పెద్ద మనుషుల్లా తలలూపేవాళ్లు. నేను కొంచెం ముందుకు జరిగితే చాలు, "ఏయ్ బిడ్డా, దూరం జరుగు" అని బాపు కేక వినబడేది. తిట్టేవాడు కాదు, ముద్దుగానే అనేవాడు. అని, చేతిలో ఇంత చెరుకు ముక్క పెట్టి పంపించేసేవాడు.

మొన్న వానాకాలంలో బాపుకు పెద్ద జ్వరం వచ్చింది. అమ్మ పోయి చాలా కాలమైంది, ఊళ్లో ఆయన ఒక్కడే. జ్వరం తగ్గగానే నిజామాబాద్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. మంచం పక్కన కూర్చున్నది నేను, గంజి తాగించింది నేను. ఇన్నేళ్లకు బాపు నాకు దొరికాడని లోపల్లోపల మురిసిపోయాను కూడా. తెల్లవారుజామునే లేచి జొన్నరొట్టెలు కొట్టేదాన్ని. పుంటికూర పప్పు, ఎండుచేపల పులుసు, ఆయనకు ఇష్టమని నాకు గుర్తున్నవన్నీ వండాను. ఏది పెట్టినా ఒకటే మాట.

"మంచిగున్నది బిడ్డ."

అంతే! అమ్మ వండిన రోజుల్లో ఇదే మనిషి కంచం ముందు పంచాయితీ పెట్టేవాడు. ఉప్పు తక్కువైందని, చింతపండు పాతదని, రొట్టె మాడిందని ముద్ద ముద్దకూ పేచీయే. అమ్మ తిరిగి నాలుగు అనేది. ఇద్దరూ అలా కొట్లాడుకుంటూ కుండ ఖాళీ చేసేవాళ్లు. నా వంటకు ఆ పాటి కోపం కూడా రావడం లేదు ఆయనకు. ఒకరోజు పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. మా ఆయన మొదటి ముద్దకే మొహం వికారంగా పెట్టాడు. బాపు మాత్రం తలవంచుకుని అంతా తినేసి, "మంచిగున్నది బిడ్డ" అని చెయ్యి కడుక్కున్నాడు. చుట్టానికి చెప్పే మాట అది. నేను చుట్టాన్నా? మొగుడు తిట్టినా పడేదాన్ని గానీ బాపు నోటి నుంచి వచ్చిన ఆ మర్యాద మాట మాత్రం నాకు ముల్లులా గుచ్చుకునేది. ఆయన నాతో ఒక్కటంటే ఒక్క నిజం మాట అనాలి. అదొక్కటే నాక్కావలసింది.

ఆ మాటలన్నీ అల్లుడికి దక్కాయి.

మా ఆయన ఎక్కడో ఫోన్‌లో చూసి ఆ గ్రిల్లు తెప్పించాడు. చికెన్‌కు మసాలాతో పాటు బెల్లం పాకం పూసి కాల్చడం ఆయన కనిపెట్టిన విద్య. రుచి బాగానే ఉండేది, కాదనను. కానీ పాకం బొట్లు బొట్లుగా కారి ఊచల మీద మాడి, నల్లగా రాయిలా గడ్డకట్టేది. మొదటిసారి దాన్ని కత్తితో గీకుతుంటే, ఎండకు కూర్చుందామని పైకి వచ్చిన బాపు అక్కడే నిలబడిపోయాడు.

"అరె, ఆపు అల్లుడా! గీకుడేంది గట్ల? ఇనుముకు గీతలు వడితె మల్ల గా గీతలల్లనే మాడు వట్టుకుంటది."

అంతే, స్టూలు వచ్చింది, తడి గోనెసంచి వచ్చింది. ఊచలు వేడిగా ఉండగానే తడి గోనె కప్పి ఆవిరి పట్టించాలట. బెల్లం మాడు ఆవిరికే కరుగుతుంది, బలానికి కాదట. ఆ తరువాత బూడిద, కొబ్బరి పీచు. ఆ మధ్యాహ్నం బాపు మాట్లాడినన్ని మాటలు, మా ఇంటికి వచ్చినప్పటి నుంచి నాతో మాట్లాడినవన్నీ కలిపినా కావు.

అన్నిటికంటే నాకు మంట పుట్టించింది చివర్లో జరిగే తంతు. ఊచల మీదుగా నీళ్లు పోసి గిన్నెలో పట్టి, "ఇగ నువ్వు సూడు అల్లుడా, నాలికె మీద వెట్టుకో" అనేవాడు బాపు. మా ఆయన కళ్లు మూసుకుని తీర్థం పుచ్చుకున్నట్టు పుచ్చుకునేవాడు.

"జర చేదున్నది మామా."

"ఎట్ల చేదు? పొగ చేదా, మాడు చేదా?"

దాని మీద ఇద్దరికీ ఎంత చర్చో! నేను ఆ పక్కనే తీగ మీద బట్టలు ఆరేస్తూ, క్లిప్పులు టపటపా కొట్టేదాన్ని. ఒక్కరు తల తిప్పితే ఒట్టు. బోధన్ చెరుకు తోట మొహం చూడనివాడికి, మా గానుగ ఎటువైపుందో తెలియనివాడికి, నేను చిన్నతనమంతా కళ్లప్పగించి చూసిన పని పళ్లెంలో పెట్టి అందించడమా! మళ్లీ ఆదివారం వస్తోందంటే నాకు శుక్రవారం నుంచే తలనొప్పి.

"మస్తు నేర్చుకుంటున్నవ్ గా మా బాపు దగ్గర" అన్నాను ఒకరోజు వంటింట్లో.

"మామ ఖుషీగ ఉంటుండు. నీకేంది మధ్యల?" అన్నాడు మా ఆయన. ఇంకా ఏదో చెప్పబోయి, నీళ్ల సీసా తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ మరుసటి ఆదివారం నేను ఆగలేకపోయాను. చికెన్ తినడం కాగానే కొంగు బిగించి పైకి వెళ్లాను.

"జరుగు. ఇయ్యాల నేను తోముత" అన్నాను మా ఆయనతో.

"నీకెందుకే బిడ్డ, చీరెకు మసైతది" అన్నాడు బాపు.

"మసైతె ఉతుక్కుంట."

తడి గోనె కప్పగానే ఊచలు చుయ్యిమన్నాయి. మాడిన బెల్లం వాసన గుప్పున లేచింది. గోనె ఎప్పుడు తీయాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బూడిద చల్లి, పీచు తడిపి, ఊచ వెంబడి ఊచ మణికట్టు తిప్పుతూ రుద్దుకుంటూ పోయాను. బాపు మొదట వెనక్కి వాలి చూస్తున్నాడు. కాసేపటికి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగాడు.

"గట్ల మనికట్టు తిప్పుడు ఎవలు నేర్పిండ్రే నీకు?"

"ఎవరు నేర్పుతరు? దూరం జరిగి చూసిన."

బాపు నవ్వబోయి ఆగిపోయాడు. నేను ఆఖరి నీళ్లు పోసి గిన్నెలో పట్టాను. మా ఆయన గబుక్కున చెయ్యి చాచి, "తే, నేను చూస్త" అన్నాడు.

"నువ్వు ఊకో" అని గిన్నె బాపు ముందు పెట్టాను. "నువ్వే చూడు బాపూ. నేను తోమింది నువ్వే చెప్పాలె."

బాపు అల్లుడి వైపు ఒకసారి చూశాడు. తరువాత దోసిట్లో నీళ్లు పట్టుకుని, నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మాడు.

"సాఫయింది. మంచిగున్నది బిడ్డ."

నా సంతోషం ఏమని చెప్పను! ఆశ ఆపుకోలేక మిగిలిన నీళ్లు నేనూ నోట్లో పోసుకున్నాను. ఛీ! నాలుక వంకర పోయింది. పచ్చి మాడు. ఇంకా సగం పని కూడా కాలేదని పసిపిల్ల చెప్పగలదు. అలాంటి నీళ్లను మా బాపు మంచిగున్నది అన్నాడు. ఉప్పు లేని పప్పుకు అన్న మాటే, అదే గొంతుతో అన్నాడు. మా ఆయన వైపు చూశాను. ఆయన తీగ మీద బట్టల వైపు చూస్తున్నాడు.

"బాపూ, నీకు రుచి తెలుస్తలేదా?"

బాపు తడి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "జొరం వచ్చి పోయిన కాడి సంది తెల్వది బిడ్డ. వాసన గుడ తెల్వది."

నిజం చెప్పాలంటే నాకు ముందు దుఃఖం రాలేదు. నీళ్ల రుచి ఎప్పుడూ మా ఆయన చేతే ఎందుకు చూపించేవాడో అర్థమై, కుళ్లే తన్నుకొచ్చింది.

"ఆయనకు చెప్పినవ్. అల్లునికి చెప్పినవ్! బిడ్డను నేనుండంగ నాకెందుకు చెప్పలే?"

"అల్లునికి చెప్పొచ్చు. నీకెట్ల చెప్త?" అన్నాడు బాపు నెమ్మదిగా. "తెల్లారకముందే లేసి నా కోసం రొట్టెలు గొడ్తున్నవ్. తినేటోనికి రుచి తెల్వదంటె, రేపు గా రొట్టె నీకు గొట్టబుద్ధైతదా?"

ఊచలు మళ్లీ మొదటి నుంచి తోమాను. బాపు స్టూలు మీదే కూర్చున్నాడు, మా ఆయన నీళ్లు మోసి తెచ్చాడు.

మర్నాడు పొద్దున మామూలుగానే లేచి రొట్టెలు కొట్టాను. బాపు ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నేను ఎదురుగా నిలబడి ఆయన నోటి వైపే చూస్తున్నాను. ఆ మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయినట్టుంది. ఇంకో ముక్క తుంచి, వేళ్లతో నలిపి, నిదానంగా నమిలాడు.

"నడుమల మెత్తగున్నది. అంచులు గట్టివడ్డయ్. మంట ఎక్కువ వెట్టినట్టున్నవ్."

"అట్లనా? నాకైతె మంచిగనే ఉన్నది" అన్నాడు మా ఆయన పక్క నుంచి.

"నిన్నెవరడిగిండ్రు?" అని కళ్లు తుడుచుకుని, మంట తగ్గించడానికి లోపలికి వెళ్లాను.