తిట్టరాని పేరు

చాంద్ పాషాకు ఆ పేరు పెట్టడంలో అతని తండ్రి గొప్ప ముందుచూపు చూపించాడు. తన వంశం సంగతి ఆయనకు బాగా తెలుసు. ఆ వంశంలో పుట్టినవాళ్లు ఏ పనైనా వాయిదా వేస్తారుగానీ తిట్టు వాయిదా వేయరు. ప్రవక్తల పేర్లు పెట్టుకున్నవాళ్లను ఆ పేరుతో పిలిచి తిట్టకూడదని వాళ్ల ఇళ్లలో కట్టుబాటు. ఇబ్రహీం అని పేరు పెట్టి, "ఓరి ఇబ్రహీం, గాడిదా" అంటే ఆ గాడిద పోయి ఎక్కడ తగులుతుందో ఎవరు చెప్పగలరు? అందుకే ఆయన, కొడుకు పుట్టగానే ఆకాశంలోకి చూసి, ఎవరికీ అభ్యంతరం లేని చంద్రుణ్ణి పట్టుకొచ్చి పేరు పెట్టాడు. ఆ తర్వాత తాను బతికినన్నాళ్లూ కొడుకును నిశ్చింతగా తిట్టుకున్నాడు.

కొడుకు తండ్రిని మించాడు. కాశిబుగ్గలో షత్రంజీలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు, నేసే షెడ్డుకు చాంద్ పాషా మేస్త్రీ. మగ్గాల చప్పుడును దాటుకుని వినిపించే గొంతు ఆ షెడ్డులో అతనిదొక్కటే. పోగు వదులైతే ఒక రకం తిట్టు, రంగు మారితే ఇంకో రకం, టీకి పోయినవాడు తిరిగి రావడం ఆలస్యమైతే మూడు తరాలను కలుపుకుపోయే ప్రత్యేకమైన తిట్టు. అయితే మతం విషయంలో అతను నిష్ఠగల మనిషి. షెడ్డులో ప్రవక్తల పేర్లున్న పనివాళ్లు చేరినప్పుడు మొదటిరోజే వాళ్లకు అడ్డపేర్లు పెట్టేవాడు. పొడుగ్గా ఉండే యాకూబ్ లంబు అయ్యాడు. ఇస్మాయిల్ బుడ్డ అయ్యాడు. అడ్డపేరు పడిందంటే ఆ మనిషి తిట్లకు అర్హత సంపాదించినట్టే. అదే షెడ్డులో నేసే ఎల్లస్వామికి మాత్రం ఈ ఇబ్బంది లేదు. అతన్ని అసలు పేరుతోనే తిట్టేవాడు. దాన్ని ఎల్లస్వామి తనకు దక్కిన గౌరవంగా భావించేవాడు.

ఇలా సాగుతున్న జీవితంలోకి మనుమడు వచ్చాడు. కోడలు ఫిజా హసన్‌పర్తిలో పుట్టింటి దగ్గర కొడుకును కన్నది. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. నెమ్మదిగా మాట్లాడుతుంది, అందువల్ల ఆమె మాటకు ఎదురు చెప్పడం ఎవరికీ చేతకాదు. పురిటి నీళ్లు పోసుకున్న మర్నాడే అత్తగారికి ఫోను చేసి, బాబుకు పైగంబర్ పేరు, ఎవరైనా ఒక ప్రవక్త పేరు, పెడదామనుకుంటున్నానని చెప్పింది. ఆ పేరుకు మర్యాద ఉంటుందని నమ్మకం కుదిరాకే కాశిబుగ్గకు తీసుకొస్తానని కూడా చెప్పింది. కోపంగా చెప్పలేదు. అదే భయం.

అప్పటికే చాంద్ పాషా మనుమడి కోసం తన చేతులతో చిన్న షత్రంజీ ఒకటి మగ్గం మీద ఎక్కించాడు. మేస్త్రీ అయ్యాక అతను మగ్గం ముందు కూర్చోవడం అదే మొదటిసారి. నీలం మీద తెల్ల చారలు. దాని మీద పిల్లాడు బోర్లాపడే దృశ్యం కళ్లలో పెట్టుకుని ఇనుప పంజాతో ఒక్కో వరుసా దువ్వి కొట్టాడు. ఆ పిల్లాడు ఇప్పుడు తన నోటివల్ల హసన్‌పర్తిలోనే ఉండిపోయేట్టున్నాడు.

మర్నాడు పొద్దున వాకిట్లో బియ్యం ఏరుతున్న భార్య వజీరా ముందు కూలబడ్డాడు.

"ఆదం అని పెడితె ఎట్లుంటదంటవ్?"

"అలైహిస్సలాం అను ముందుగాల. పైగంబర్ల పేరెత్తితే అనాలె."

"అలైహిస్సలాం. ఎట్లుంటది?"

"మంచిగనే ఉంటది. వద్దన్న పండు తిన్నడని తోటల నుంచి పంపిచ్చిండ్రు."

"పిలగాడు తినొద్దన్నది తిన్నప్పుడల్లా నాకు గదే యాదికొస్తది. నోరు ఆగది. నూహ్?"

"అలైహిస్సలాం. తొమ్మిది వందల యాభై ఏండ్లు జనానికి చెప్పిండు. ఎవ్వలు ఇన్లే. చెవులల్ల ఏళ్లు పెట్టుకున్నరు, బట్టలు కప్పుకున్నరు."

చాంద్ పాషాకు ఒక్కసారిగా ఆ పురాతన ప్రవక్త మీద తోటి ఉద్యోగి మీద కలిగే ఆత్మీయత కలిగింది. "నాకెరుకనే గా బాధ," అన్నాడు. "మరి తిట్టలేదా?"

"ఆఖరికి శాపం బెట్టిండు. వీళ్లల్ల ఒక్క ఇల్లు గుడ మిగలకుండ జెయ్యి దేవుడా అన్నడు. తుఫాను వచ్చింది."

"ఇగ గదే పెడదాం. పేరుల్నే పర్మిషన్ ఉన్నది."

"మొత్తం ఇను. ఖయామత్ నాడు, దేవుడు అందరి లెక్క జూసే దినం, జనమంతా ఎండల నిలవడి, మా తరపున దేవునికి ఎవలన్న ఒక మాట చెప్పరా అని ఆదం అలైహిస్సలాం తాన్కి పోతరట. నా తప్పే నాకున్నది, నూహ్ తాన్కి పోండ్రి అంటడట. ఈయన తాన్కి పోతే, దేవుడు తప్పక ఇంటనన్న ఒక్క ప్రార్థన, గా దువాను నా మంది మీదనే వాడుకున్న, నాకు మొకం లేదు, ఇబ్రహీం తాన్కి పోండ్రి అంటడట. ఆయన మూసా తాన్కి, మూసా ఈసా తాన్కి పంపుతరు. ఆఖరికి మన పైగంబర్ నేనున్న అని ముందట పడతడు."

చాంద్ పాషా చాటలోంచి ఒక మట్టిగడ్డ ఏరి పక్కన పెట్టాడు.

"గన్ని ఏండ్లు ఓపికవట్టి ఒక్కసారి తిడితె గంత సిగ్గువడ్డడా?"

"గంత సిగ్గువడ్డడు."

అతను తన సంగతి లెక్కవేసుకోబోయి, మధ్యలో మానుకుని, లింగమూర్తి దగ్గరికి వెళ్లాడు.

లింగమూర్తి పక్క సందులో చేనేత మగ్గం నడుపుతాడు. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని విషయమంతా విని, సాసర్లో టీ ఊదుకుంటూ తీర్పు చెప్పాడు.

"మాకు గీ లొల్లి లేదు బావా. నా మనుమడు వెంకటేశం. పొద్దుగాల లేస్తే వెంకటేశం నీ కాళ్లిరగ, వెంకటేశం నీ మొకం మండ, గిదే పని. పేరు దేవునికి పోతది, తిట్టు వీనికి పోతది. ఏది ఎటు పంచాల్నో పైనోళ్లకు ఎరుకనే."

"మీ దేవునికి ఓపిక ఎక్కువ."

"ఓపిక గాదు, అలవాటు. నీ సంగతి వేరు. నీ నోరు ఇని అలవాటు పడాల్నంటే ఎవలకైన కష్టమే."

అఖీకా రోజున హసన్‌పర్తిలో పిల్లాడికి గుండు చేయించి, మేకపోతు కోసి, పేరు పెట్టారు. యూనుస్. చాంద్ పాషా తలూపాడుగానీ, ఇందరు ప్రవక్తలుండగా ఈయన్నే ఎందుకు ఎంచుకున్నావని కోడల్ని అడగకుండా ఉండలేకపోయాడు.

"యూనుస్ అలైహిస్సలాం గుడ ఊరోళ్ల మీద కోపమొచ్చి ఎల్లిపోయిండు మామా," అంది ఫిజా. "పడవెక్కిండు. తుఫాన్ల పడవోళ్లు నీళ్లల్ల ఏస్తే చేప మింగింది. గా కడుపుల కూసొని ఎవ్వర్నీ తిట్టలే. తప్పు నాదే అన్నడు."

"చేప కడుపుల తిట్టినా ఇనేటోడెవడు," అన్నాడు చాంద్ పాషా, వృత్తిపరమైన సందేహంతో.

ఫిజా నవ్వి, మిగతాది చెప్పింది. మక్కాలో బతకనీయకపోతే మన పైగంబర్ తాయిఫ్ అనే ఊరికి వెళ్లారు. అక్కడివాళ్లు రాళ్లతో తరిమారు. చెప్పుల్లోకి నెత్తురు కారింది. ఒక తోటలో నీడకు కూర్చుంటే అద్దాస్ అనే క్రైస్తవ బానిస ద్రాక్షపండ్లు తెచ్చి ఇచ్చాడు. నీదే ఊరని అడిగితే నీనవా అన్నాడు. మా సోదరుడు యూనుస్ ఊరా అన్నారు పైగంబర్. ఆయన మీకెట్లా తెలుసని అద్దాస్ ఆశ్చర్యపోతే, ఆయనా ప్రవక్తే, నేనూ ప్రవక్తనే అన్నారు. రెండు కొండలను దగ్గరికి చేర్చి ఈ జనాన్ని మధ్యలో నలిపెయ్యమంటావా అని దైవదూత అడిగినా, వద్దన్నారు. వీళ్ల పిల్లలైనా మంచివాళ్లవుతారేమో అన్నారు.

"రాళ్ల దెబ్బలు తిన్నాయన గట్లన్నడు," అంది వజీరా గిన్నె మీంచి తల ఎత్తకుండానే. "నువ్వు పోగు తెగితే వాని తాతల దాక పోతవు."

చాంద్ పాషా వెంట తెచ్చిన సంచి విప్పాడు. నీలం షత్రంజీ పరిచి, మనుమణ్ణి దాని మీద పడుకోబెట్టాడు. యూనుస్ మొహమంతా నోరు చేసుకుని ఆవలించాడు. ఆ ఆవలింత చూసి తాత గుండె నీరైపోయింది.

"ఏమిరా లడ్డూ," అన్నాడు.

 వజీరా చేతిలో గరిటె ఆగింది. కొడుకు నాసిర్ నేల వంక చూశాడు. చాంద్ పాషా అడ్డపేరు పెట్టడమంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"అడ్డపేరు పెట్టిండ్లు మామా," అంది ఫిజా.

"ముద్దుకు అన్న బిడ్డా."

"యాకూబ్ అన్నను గుడ మొదటిరోజు ముద్దుకే లంబు అన్నరట గదా."

ఇది నిజం. చాంద్ పాషా పోయి పళ్లెం ముందు కూర్చున్నాడు.

"ఇంకొన్నొద్దులు ఈడనే ఉంట మామా," అంది కోడలు, ఆయన పళ్లెంలో ఇంకో ముక్క వేస్తూ. సాయంత్రం బస్సులో చాంద్ పాషా ఖాళీ ఒడితో తిరిగొచ్చాడు. షత్రంజీ అక్కడే పిల్లాడి కింద ఉండిపోయింది.

మరుసటి రోజు షెడ్డులో చరిత్ర మలుపు తిరిగింది.

"యాకూబ్," అని పిలిచాడు మేస్త్రీ. లంబు తల ఎత్తలేదు, ఇంకెవరినో అనుకున్నాడు. "యాకూబ్ భాయ్, గీ వరుస వదులొచ్చింది. పంజా జర గట్టిగ కొట్టు."

మగ్గాలు ఒకటొకటే ఆగాయి. యాకూబ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తనను పనిలోంచి తీసేస్తున్నారని అతనికి అర్థమైంది. ఇస్మాయిల్‌ను ఇస్మాయిల్ అనేసరికి అందరికీ భయం పట్టుకుంది. మధ్యాహ్నం ఎల్లస్వామి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"మేస్త్రీ, పానం మంచిగ లేదా? దవాఖానకు పోదమా?"

"మంచిగనే ఉన్న."

"నన్నన్న ఒక్కటి తిట్టు. నాకు ఏ పైగంబర్ పేరు లేదాయె."

సాయంత్రానికి లింగమూర్తి కూడా బావను చూడ్డానికి వచ్చాడు. రోగిని చూడ్డానికి వచ్చినట్టు రెండు బత్తాయిలు తెచ్చాడు.

కానీ ఏళ్ల తరబడి పారిన ఏరు ఒక్కరోజులో ఎండిపోదు. ఎటో ఒకవైపు పోవాలి. కొన్నాళ్లకు యాకూబ్ నేస్తున్న పెద్ద షత్రంజీలో నెమళ్లు తలకిందులుగా దిగాయి. మేస్త్రీ చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి. "ఓరి..." అని గర్జించాడు. షెడ్డంతా హమ్మయ్య అనుకుంది.

"...ఓరి చాంద్ పాషా! కండ్లు నెత్తికెక్కినయారా? డిజైన్ కాయితం ఉల్టా పెట్టింది నువ్వు గాదూ? మందికి తప్పులు అంటగడతానవ్, సోయిలేనోడా!"

అలా తిట్టాక, చాలా రోజుల తర్వాత మొదటిసారి అతనికి ఆకలి వేసింది. అప్పటి నుంచి అదే పద్ధతి. వెతికితే ప్రతి తప్పులోనూ చాంద్ పాషాకు ఎంతో కొంత వాటా దొరికేది. దొరకని రోజు ఎల్లస్వామి సాయం చేసేవాడు. "పొద్దుగాల నూలు తడిసింది గుడ మనోని పనే మేస్త్రీ, ఇడవకు," అని గుర్తుచేసేవాడు.

పిల్లాడికి సూది మందు వేయించి తీసుకెళుతూ ఫిజా ఒకరోజు షెడ్డు ముందు ఆటో ఆపించింది. మామకు మనుమణ్ణి ఒకసారి చూపించి పోదామనుకుంది. గేటు దాటకముందే ఆ గొంతు వినిపించింది.

"పనికిమాలినోడా! నీకు మేస్త్రీగిరి ఎవడిచ్చిండురా? దున్నపోతు నయం నీకన్న."

ఫిజా నిలబడిపోయింది. పిల్లాణ్ణి భుజానికి గట్టిగా హత్తుకుని ఆటో వైపు తిరిగింది.

"చాంద్ పాషా, నీ మొకానికి టీ ఒకటి తక్వయిందా!"

ఆమె ఆగింది. ఇంకో రెండు తిట్లు పూర్తిగా విన్నాక లోపలికి వచ్చింది. మేస్త్రీ ఆమెను చూసి, దొరికిపోయిన మనిషిలా గోడకు జరిగాడు.

"ఎవల్ని తిడతాండ్లు మామా?"

"ఉన్నడొకడు," అన్నాడు చాంద్ పాషా. "తప్పు ఎవనిదో వాన్నే తిడతాన బిడ్డా."

ఫిజా మనుమణ్ణి అతని చేతుల్లో పెట్టింది. మేస్త్రీ పిల్లాణ్ణి ఎత్తుకుని, అప్పుడే మగ్గం దింపిన నెమళ్ల షత్రంజీ పక్కకు తీసుకెళ్లి, ఇది మెడ, ఇది తోక అని చూపించసాగాడు. యూనుస్ శ్రద్ధగా చూశాడు. చూసి, తాత చొక్కానూ, లుంగీనీ, ఆ కిందనున్న నెమళ్లనూ ఏకధారగా తడిపేశాడు.

మగ్గాలు ఆగాయి. యాకూబ్ పంజా పట్టుకున్న చెయ్యి గాల్లోనే నిలిచింది. చాంద్ పాషా మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరిచి, మనుమడి మొహంలోకి చూశాడు.

"యూనుస్ సాబ్," అన్నాడు మెత్తగా. ఆ వెంటనే గొంతు పెరిగింది. "చాంద్ పాషా! బుద్ధున్నదారా నీకు? గంత చిన్న పిలగాన్ని పట్టుకునేటప్పుడు కింద బట్ట ఏసుకోవాల్నని తెల్వదా? తెచ్చి నెమళ్ల మీద నిలవెడతవా? మీ అయ్య నీకు గీ పేరు ఎందుకు పెట్టిండో నాకు ఇయ్యాల సమజైంది!"

యూనుస్ ఆ గొంతుకు బెదరలేదు. బోసినోటితో నవ్వాడు.

"బట్టల సంచి ఆటోల్నే ఉన్నది మామా," అంది ఫిజా. "నడువుండ్రి. ఇంటికి పొయ్యి మారుద్దాం."

ఎల్లస్వామి పరుగెత్తి ఆటోలోంచి సంచి దింపాడు. సంచి పైభాగాన మడతపెట్టిన నీలం షత్రంజీ కనిపించింది. తడిసిన లుంగీతో, మనుమణ్ణి భుజాన వేసుకుని, చాంద్ పాషా ఇంటి వైపు నడిచాడు. సందు మలుపు తిరిగేదాకా తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.