మా స్పానిష్ అయ్యవారు, ఆయన మేక

ముందుగా పాఠక మహాశయులకు నా క్షమాపణలు. యుద్ధానికీ, చక్కెర రేషనుకీ, బొగ్గుబస్సు ప్రతి మిట్ట దగ్గరా మొరాయించడానికీ, మీరు చదవబోయే వాక్యాలకూ సర్వబాధ్యత నాదే. ఇక విషయం. కుప్పంలో మా స్పానిష్ అయ్యవారు కాలం చేశారని పోయిన సోమవారం కార్డు వచ్చింది. ఆయన కూతురు రాసింది. అడుగున ఒక ముక్క: "మేక క్షేమం."

మదనపల్లెలో స్పానిష్ ఏమిటని మీరు అడగవచ్చు. మా నాన్న కూడా అదే అడిగాడు. అయ్యవారు ఇరవై ఏళ్లు ఓడల్లో స్టోరు గుమాస్తాగా తిరిగి, మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో స్థిరపడ్డవారు. ఓడలో స్పెయిన్ వంటవాడొకడు ఆయనకు తన భాష నేర్పి, విడిపోయేటప్పుడు పుస్తకం చేతిలో పెట్టి, ఒక్కరికైనా మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చెప్పమని మాట తీసుకున్నాడట. ఆ ఒక్కడి కోసం వెతగ్గా వెతగ్గా ఇంటర్మీడియట్ చదువుతూ సాయంత్రాలు ఏ పనీ లేని నేను దొరికాను. ఆయన కాఫీ ఇచ్చేవారు. అందుకే వెళ్లాను.

పుస్తకం సగానికి వచ్చేసరికి 'తెనీయా' పాఠం.

"మనం 'ఉండేది' అంటామే, అదేనప్పా," అన్నారు. "ఒగసారి ఉండి పోయింది కాదు. దినామూ ఉండేది."

పట్టికలు వల్లించనిచ్చేవారు కాదు. ప్రతి తెనీయాకీ నిజంగా ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనిదాన్ని చెప్పాలి. అబద్ధమాడితే కాఫీ లేదు. నాకొక గాలిపటం ఉండేదన్నాను. "రంగు?" అన్నారు. లేని గాలిపటానికి రంగెక్కడిది! కాఫీ పోయింది. మర్నాడు మా అవ్వకు సంగటి కెలికే కట్టె ఉండేదనీ, అది నా వీపుకు బాగా తెలుసనీ చెప్పాను. రెండు లోటాలు పోశారు.

"ఆదివారం నుంచీ రాబోయే కాలం," అన్నారొకరోజు. "నువ్వేం చేస్తావో, యాడికి పోతావో సెప్పాల. నిజమే సెప్పాల."

ఆదివారం చూస్తే ఆ పాఠం మొదలుకొని చివరి దాకా పేజీలు లేవు. అరుగు మీద పక్కింటి బీబమ్మ మేక నెమరు వేస్తోంది.

"నీ మేక నా పుస్తకం తినింది బీబమ్మా!"

"నా మేక కాయితం ముట్టదు అయ్యోరా! ఆకు తప్ప తినదు."

"మరి నమిలేది ఏంది?"

"నీ స్పానిషేమో! అట్లయితే నువ్వే తోలుకో పో!"

నిజంగానే అయ్యవారు దాన్ని తోలుకొచ్చుకున్నారు. వంటవాడికిచ్చిన మాట ఇక తీరదని నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదు. ఐదోరోజు, "ఉండే పేజీలే మళ్లా సెప్పుకుందాం రా," అన్నారు. ఏడాదిన్నర పాటు ఒకటే పాఠం. చిన్నప్పుడే పోయిన మా చెల్లెలి మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆయన అరుగు మీదే, అదీ స్పానిష్‌లో, మొదటిసారి ఎత్తాను. దానికొక పావడా ఉండేది. రంగు అడక్కముందే చెప్పాను, ఆకుపచ్చ అని. అయ్యవారు తన లోటా కూడా నా ముందుకు తోశారు.

తర్వాత కూతురి దగ్గరికి కుప్పం ప్రయాణమయ్యారు. సాగనంపడానికి పుంగనూరు దాకా వెళ్లాను. అక్కడ బస్సు మారాలి.

"మేకని ఎక్కించేది లేదు సామీ," అన్నాడు కండక్టరు.

"దీని కడుపులో నా పుస్తకం ఉండాదప్పా. యాడ వదిలేది?"

కండక్టరు నన్ను చూశాడు. నేను బస్సు చక్రాన్ని చూశాను. ఎలాగో ఎక్కించాక అయ్యవారు కిటికీలోంచి తల బయటికి పెట్టారు. "కుట్టు దాకా నీటుగా చింపింది సూడు. పద్ధతి గల మేకప్పా," అన్నారు. నవ్వారో లేదో దుమ్ములో కనబడలేదు.

కార్డు అందాక నేను కుప్పం చేరేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది. ఆయన కూతురు సగం పుస్తకాన్నీ, మేక పలుపునూ నా చేతిలో పెట్టింది.

"నీకే ఇమ్మన్నాడు నాయన. ఈ సగమూ ఆ సగమూ ఒగసోటే ఉండాలంట."

ఆ పేజీలు చింపింది నేనే. రాబోయే కాలంలో చెప్పడానికి నా దగ్గర నిజమేదీ లేక చింపాను. ఇన్నాళ్లూ ట్రంకుపెట్టె అడుగున దాచి, ఆయన పాదాల దగ్గర పెడదామని ఆ రోజు జేబులో తెచ్చుకున్నాను. తీసి మేక ముందు పట్టాను. అది వాసన చూసి, చీది, ముఖం తిప్పుకుని, కంచె మీది అవిశాకు అందుకుంది.